రెండు పొగగొట్టాలు ఒకటయ్యే చోటు

చొక్కాల ఫ్యాక్టరీలో ఆమెను అందరూ గుండుసూది అంటారు. కుట్టిన చొక్కాను అట్టముక్క మీద మడిచి, కాలరు నిలబడేలా గుండుసూదులు గుచ్చడం ఆమె పని. అయితే ఆ పేరు పనిని చూసి పెట్టింది కాదు, నోటిని చూసి పెట్టింది. సూపర్‌వైజరు కూడా ఆమెతో మాట్లాడే ముందు ఒకసారి గొంతు సవరించుకుంటాడు.

ఆ ఉదయం అతను గొంతు సవరించుకోకుండానే వచ్చి, ఆఫీసులో ఫోనుందని చెప్పి పక్కకు తప్పుకున్నాడు. ఫోనులో ఉన్నది మరిది. సముద్రం ఒడ్డున, పని కోసం తాను వదిలి వచ్చిన అత్తవారింటి నుంచి మాట్లాడుతున్నాడనుకుంది. కాదు, ఎక్కడో దారి మధ్య నుంచి అరుస్తున్నాడు.

"వదినా, అన్న రాలేదు. నిన్న సాయంత్రం ఇంజను ఆగిపోయిందని వైర్‌లెస్‌లో చెప్పాడు. లంగరు వేశాను, బాగుచేసుకుని వచ్చేస్తానన్నాడు. ఎక్కడున్నావని అడిగితే దక్షిణాన అన్నాడు. ఆ తర్వాత గాలివాన పట్టుకుంది. ఇక మాట లేదు. పొద్దున్నుంచీ అందరం దక్షిణం వైపే గాలిస్తున్నాం. ఇక్కడ టవర్లన్నీ కూలిపోయాయి, ఫోను దొరికేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. చీకటి పడేదాకా వెతుకుతామంటున్నారు. ఆ తర్వాత…"

"దక్షిణం కాదు," అంది ఆమె. "అబ్బాయ్, వింటున్నావా? దక్షిణం కాదు."

ఫోను అప్పటికే మూగబోయింది. మళ్ళీ మళ్ళీ చేసింది. ఆ నంబరు అందుబాటులో లేదని ఒక తీయటి గొంతు చెబుతూ వచ్చింది.

గుండుసూదికి ముందు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. నడిసముద్రంలో ఇంజను ఆగిపోయినా ఆ మనిషి నోట్లోంచి నిజం రాలేదు. అతను ఉన్నది ఉత్తరాన. లంగరు వేశానన్నాడంటే కచ్చితంగా అక్కడే. మామగారు పోయాక, ఆ సంగతి భూమి మీద తెలిసింది ఆమె ఒక్కదానికే.

ఆ రేవులో చేప ఎక్కడ పడుతుందో ఎవరూ ఎవరికీ చెప్పరు. ఒక్కో ఇంటికీ ఒక్కో చోటు. తండ్రి పెద్దకొడుక్కి చెబుతాడు, అంతే. ఆ విషయంలో సొంత తమ్ముడు కూడా పరాయివాడే. అందరూ చూస్తుండగా ఒక దిక్కుకు బయల్దేరి, కనుచూపు దాటాక ఇంకో దిక్కుకు మళ్ళుతారు. ఎవరైనా అడిగితే తిరగేసి చెబుతారు. దాన్ని అబద్ధమని కూడా అనుకోరు. ఎలా ఉన్నావంటే బాగున్నాననడం ఎలాగో ఇదీ అలాగే.

పెళ్ళైన కొత్తలో అతను ఆమెను పడవలో తీసుకెళ్ళి ఆ చోటు చూపించాడు. అడుగున పాత ఓడ ఒకటి మునిగి ఉంది, చుట్టూ రాళ్ళు. లంగరు వేస్తే పట్టు వదలదు. "నేను ఎప్పుడైనా రాకపోతే ఎక్కడ వెతకాలో నీకు తెలియాలి కదా," అన్నాడు. ఆ వెంటనే తన నెత్తి మీద చేయి పెట్టించుకుని మూడో మనిషికి చెప్పనని ఒట్టు వేయించుకున్నాడు. ఈ రెండూ ఒకదానికొకటి ఎలా పొసగుతాయో ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు.

ఏప్రాన్ విప్పకుండానే ఆమె ఫ్యాక్టరీ గేటు దాటింది. బస్‌స్టాండులో తీరం వైపు వెళ్ళే బస్సులన్నీ వరసగా నిద్రపోతున్నాయి. దారి పొడవునా చెట్లు పడ్డాయనీ, రైళ్ళు కూడా లేవనీ, రేపు చూద్దామనీ కౌంటరులో కుర్రాడు చెప్పాడు.

"రేపు చూడ్డానికి ఏమీ మిగలదు బాబూ," అంది ఆమె. అతను వెనకాల నిలబడ్డవాళ్ళ వైపు చూశాడు.

సిటీ బస్సు ఎక్కి ఆఖరి స్టాపులో దిగింది. అక్కడితో నగరం అయిపోతుందని ఎవరో చెప్పారు గానీ, ఆ నగరానికి అయిపోవడం చేతకాదు. టైర్ల కొట్లు, పాత ఇనుము గుట్టలు, సగం కట్టి వదిలేసిన మేడలు, మళ్ళీ టైర్ల కొట్లు. పెద్ద వంతెన దిగిన చోట రోడ్డు పక్కన నిలబడి చేయి ఊపడం మొదలుపెట్టింది. కార్లు ఆమెను దాటి దుమ్ము కొట్టి పోయాయి. మెడలో కొలత టేపు, భుజం మీద గుడ్డకు గుచ్చిన సూదులు, చెదిరిన జుట్టు. తననే తను చూసుకుంటే తానూ ఆపేది కాదేమో.

ఒక కారు ఆగింది. లోపల పట్టుచీర కట్టుకున్న ఆవిడ అద్దం దించి ఎంతో మర్యాదగా ఎక్కడికని అడిగింది. సముద్రం దాకా అనేసరికి, "అయ్యో, మేం ఇక్కడే, పక్కనే పెళ్ళికి," అని అంతే మర్యాదగా అద్దం ఎత్తేసింది. ఆ ఆగడమెందుకు, అడగడమెందుకు అని గుండుసూది ఆ కారు వెనకాల నాలుగు మాటలంది. అవి ఇక్కడ రాయదగ్గవి కావు.

తర్వాత ఒక మోటారుసైకిలువాడు ఎక్కించుకున్నాడు. తీరం దారిలోనే వెళ్తున్నానన్నాడు. కొంత దూరం పోయాక చల్లగా ఒక మట్టిదారిలోకి తిప్పాడు. "ఇదేంటి?" అంది. "దగ్గర దారి," అన్నాడు. భుజం మీది సూది తీసి అతని నడుములోకి దించింది. బండి వంకరలు తిరిగి ఆగింది. తిట్లు వెనక వినిపిస్తుండగానే ఆమె మళ్ళీ పెద్ద రోడ్డు మీదికి పరుగెత్తింది. భయపడటానికి కూడా తీరిక లేదు. ఎండ నడినెత్తికి వచ్చేసింది, తాను ఇంకా నగరం గుమ్మంలోనే ఉంది. అతను నీళ్ళలో ఉన్నాడు, పడవలన్నీ అతనికి దూరంగా తిరుగుతున్నాయి, నిజం మాత్రం ఇక్కడ రోడ్డు పక్కన దుమ్ములో నిలబడి ఉంది.

కొంచెం ముందు ఒక పెట్రోలు బంకు కనిపించింది. గాలి పట్టించుకుంటున్న లారీల మధ్య ఒక చేపల లారీ ఉంది. వాసనే చెప్పింది. దాని వెనక తలుపులు బార్లా తెరిచి తాళ్ళతో కట్టి ఉన్నాయి. తలుపులు మూసి ఉంటే సరుకుతో ఊళ్ళోకి వస్తున్నట్టు, తెరిచి కడితే సరుకు దింపేసి ఆరబెట్టుకుంటూ సముద్రానికి తిరిగి వెళ్తున్నట్టు. ఆమె ఇంకేమీ అడగలేదు. ఎక్కి కూర్చుంది.

డ్రైవరు పెద్దాయన. ఆయన పొట్టకూ స్టీరింగుకూ మధ్య చొక్కా గుడ్డ తప్ప ఖాళీ లేదు. ఎక్కి, పక్క సీటులో మనిషిని చూశాడు.

"అమ్మా, ఇది బస్సు కాదు."

"బస్సయితే ఇవాళ కదిలేది కాదు బాబాయ్. మా ఆయన పడవ రాలేదు. చీకటి పడేలోపు రేవుకు చేరాలి. దింపినా దిగను."

ఆయన బండి తీశాడు. ఊరు దాటాక తన నీళ్ళ సీసా, తినడానికి పెట్టుకున్న పొట్లం ఆమె ఒళ్ళో పెట్టాడు. ఆమె నీళ్ళు తాగింది, పొట్లం ముట్టలేదు. పడిపోయిన చెట్లను నరికి ఒక పక్కగా దారి చేశారు. ఆ దారిలో లారీ నత్తలా పాకుతుంటే ఆమె కాలు తనకు తెలియకుండానే లేని ఆక్సిలేటరును తొక్కుతోంది.

పెద్దాయనకు మాటలు ఎక్కువ. ఊరికే ఉంటే ఈ పిల్ల గుండె ఆగిపోతుందేమోనని ఇంకా ఎక్కువ మాట్లాడాడు. ఇరవై ఏళ్ళుగా అదే రేవు చేపలు మోస్తున్నాననీ, అక్కడ తనకు తెలియని మనిషి లేడనీ చెప్పాడు. "మా బావమరిది పడవ కూడా వెతకడానికి వెళ్ళే ఉంటుంది. వాడిది మంచి పెద్ద పడవ. నీకు తెలిసే ఉంటాడు, వాణ్ణి తోక అంటారు."

తెలియకపోవడమేమిటి. ఎవరికి చేపలు బాగా పడితే వాళ్ళ పడవ వెనకాల దూరంగా పడవ నడిపి, చోటు కనిపెట్టాలని చూసే మనిషి తోక. ఆమె భర్త వెనకాల ఎన్నేళ్ళుగా పడ్డాడో లెక్క లేదు. తోకను ఎలా దారి తప్పించానో చెప్పుకుని ఆమె భర్త కడుపు పట్టుకుని నవ్విన రోజులు ఎన్నో.

"మీ ఆయన ఏ వైపు వెళ్తాడమ్మా?" అని అడిగాడు పెద్దాయన.

"దక్షిణం," అంది గుండుసూది.

అన్నాక నోరు మూసుకుంది. ఆలోచించి అన్న మాట కాదు. పొద్దున్నుంచీ భర్తను ఏ మాటకు తిడుతూ వచ్చిందో అదే మాట తన నోట్లోంచి తడబాటు లేకుండా వచ్చింది. దిద్దుకోవాలనుకుంది. ఎదురుగా ఉన్నది తోకకు బావ. ఈయనతో చెబితే ఊరంతా దండోరా వేసినట్టే, రేపు అక్కడ యాభై పడవలు ఉంటాయి. మామగారి చోటు, ఆయన తండ్రి చోటు. ఇంకాసేపట్లో తానే రేవులో ఉంటుంది, మరిది చెవిలో చెబుతుంది. ఇంటి గుట్టు ఇంట్లోనే ఉంటుంది, మనిషీ దక్కుతాడు. ఇలా తనకు తాను చెప్పుకుని, కిటికీలోంచి వెనక్కి పోతున్న చెట్లను చూస్తూ కూర్చుంది. మనసు మాత్రం కుదుటపడలేదు.

ఎండ వాలుతుండగా గాలిలో ఉప్పు తగిలింది. ఐసు ఫ్యాక్టరీ దగ్గర పెద్దాయన బండి ఆపాడు. ముందు వంతెన ఎలా ఉందో కనుక్కుని వస్తానని లోపలికి వెళ్ళాడు. ఆమె సీటు అంచున కూర్చుని డాష్‌బోర్డు మీద వేళ్ళతో కొడుతూ ఉండిపోయింది. తిరిగి వచ్చేటప్పుడు ఆయన ముఖం వెలిగిపోతోంది.

"నీ పని తేలిక చేసి వచ్చానమ్మా. ఇక్కడ వైర్‌లెస్ ఉంది, పడవలవాళ్ళు చేపల కోసం ఐసు చెప్పుకోవడానికి. మా బావమరిదితోనే మాట్లాడాను. వాడొట్టి మూర్ఖుడు. అందరూ దక్షిణం వెతుకుతుంటే వీడొక్కడూ ఉత్తరం బయల్దేరాడట. మీ ఆయన రేవు ముందున్న దీవి చాటుకెళ్ళి ఉత్తరానికి మళ్ళుతాడని వీడికి అనుమానమట. ఇంటి మనిషే నా పక్కన కూర్చుని దక్షిణం అంటుంటే నీ అనుమానమేంటిరా, వెనక్కి తిప్పు అన్నాను. పడవల సంఘం పెద్ద కూడా గట్టిగా చెప్పాడు. తిప్పేశాడు."

లారీ దిగబోయి మోకాళ్ళ మీద పడింది. లేచి, పెద్దాయనను పక్కకు నెట్టి లోపలికి పరుగెత్తింది.

ఐసు ఫ్యాక్టరీలో నేలంతా తడి. గోడ పక్కన ఇనుప డబ్బాల్లో నీళ్ళు గడ్డకడుతున్నాయి. ఓ మూల బల్ల దగ్గర గుమాస్తా స్వెట్టరు వేసుకుని, చెవులకు మఫ్లరు చుట్టుకుని కూర్చున్నాడు. బయట జనం చెమటతో తడిసిపోతుంటే ఆయనకు మాత్రం ఏడాది పొడవునా చలికాలమే. ఆమె బల్ల మీది వైర్‌లెస్ మౌత్‌పీసు లాక్కుంది.

"ఉత్తరం," అంది. "దక్షిణం కాదు. తోకను మళ్ళీ ఉత్తరానికి పంపండి. అందరూ ఉత్తరానికి వెళ్ళండి."

"బటన్ నొక్కి మాట్లాడాలమ్మా," అన్నాడు గుమాస్తా.

నొక్కి మళ్ళీ చెప్పింది. గరగర శబ్దం తర్వాత సంఘం పెద్ద గొంతు వచ్చింది. ముసలాయన, ఆ రేవులో ఎవరికీ తలవంచని మనిషి.

"ఎవరమ్మా మాట్లాడేది?"

"ఆయన భార్యను."

"ఇందాక దక్షిణం అంది నువ్వేనా?"

"నేనే."

"ఇప్పుడు ఉత్తరం అంటున్నదీ నువ్వే."

"నేనే."

"పడవల్లో డీజిలు అడుగంటింది. పొద్దు ఎంతో లేదు. ఒక్క వైపుకే వెళ్ళగలం. మీ ఆయన ఒకటన్నాడు, నువ్వు రెండన్నావు. నేను దేన్ని పట్టుకుని పోవాలి?"

ఆయన కోపంగా అనలేదు. అదే ఆమెకు ఎక్కువ భయం వేసింది. ఏడ్చి నమ్మించడం కుదరదు, ఒట్టు పెట్టి నమ్మించడం కుదరదు. ఆ రేవులో అందరూ ఒట్లు పెట్టి మరీ అబద్ధాలు చెప్పేవాళ్ళే. ఆమె కళ్ళు మూసుకుని, పెళ్ళైన కొత్తలో పడవలో నిలబడి చూసిన ఒడ్డును గుర్తు తెచ్చుకుంది.

"దీవి దాటి ఉత్తరానికి తిరగండి," అంది. "లైట్‌హౌస్ వచ్చి కొండ ఎడమ భుజం మీద నిలబడాలి. పాత సిమెంటు ఫ్యాక్టరీకి రెండు పొగగొట్టాలున్నాయి కదా, అవి రెండూ ఒకదాని వెనక ఒకటి వచ్చి ఒక్కటిగా కనపడాలి. ఈ రెండూ ఒకేసారి కుదిరిన చోట లంగరు వేస్తాడు. కింద మునిగిన ఓడ ఉంది. లంగరు దాని చుట్టూ ఉన్న రాళ్ళకే పట్టుకుని ఉంటుంది. పడవ ఎక్కడికీ కొట్టుకుపోదు."

బటన్ వదిలింది. గరగర తప్ప ఏమీ లేదు. సముద్రం మీద ఎన్ని పడవలున్నాయో అన్నిట్లోనూ ఈ మాటలు వినపడ్డాయి. మూడు తరాలు నోరు కట్టుకుని దాచింది ఆమె ఊపిరి తిప్పుకునేలోపు చెప్పేసింది.

"ఇక చాలమ్మా," అన్నాడు సంఘం పెద్ద, కొంతసేపటికి. గొంతు మెత్తబడింది. "అబద్ధానికి ఎవరూ గుర్తులు చెప్పరు. ఒరే తోకా, నువ్వే దగ్గర. తిప్పు."

ఇక చేయడానికేమీ లేదు. పెద్దాయన గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. లోపలికి రావడానికి ఆయనకు ముఖం చెల్లలేదు. తప్పు ఆయనది కాదని చెప్పాలని ఆమెకు తెలుసు గానీ, ఆ ఒక్క మాటకు కూడా శక్తి లేదు. గుమాస్తా మఫ్లరు విప్పి ఆమెకు ఇచ్చాడు. ఆమె దాన్ని చేతిలో పట్టుకుని అలాగే ఉంది. తోక వెనక్కి తిరగకుండా ఉంటే ఈపాటికి అక్కడ ఉండేవాడు. ఆ ఆలోచన వచ్చిన ప్రతిసారీ మఫ్లరును ఇంకో చుట్టు మెలిపెట్టింది. కిటికీలో వెలుగు పసుపు నుంచి ఎరుపుకు దిగింది.

"వచ్చాం," అని తోక గొంతు పలికింది. "ఏమీ లేదు. నీళ్ళు తప్ప ఏమీ లేవు."

ఆమె మౌత్‌పీసు అందుకుంది. "పొగగొట్టాలు ఒకటయ్యాయా అన్నయ్యా?"

"అయినట్టే ఉన్నాయమ్మా."

"అయినట్టు కాదు. సరిగ్గా చూడండి."

"ఒక్క పిసరు వెలుతురు కనపడుతోంది మధ్యలో."

"ఆ వెలుతురు పోయేదాకా ఉత్తరానికి జరగండి. లైట్‌హౌస్‌ను కొండ భుజం మీంచి జారనివ్వకండి."

మళ్ళీ గరగర. గుమాస్తా పెదవులు కదులుతున్నాయి. ఆమె ఏ దేవుణ్ణీ తలచుకోలేదు. రెండు పొగగొట్టాలను మాత్రం కళ్ళ ముందు పెట్టుకుని ఒకదాని వైపు ఒకదాన్ని నెడుతూ కూర్చుంది.

"పడవ," అన్నాడు తోక. "బోర్లా పడి ఉంది." తర్వాత చాలాసేపు ఇంజను చప్పుడు, ఎవరివో కేకలు. "మనిషి ఉన్నాడు. లంగరు తాడు పట్టుకుని ఉన్నాడు. వేళ్ళు విడిపోవడం లేదు, తాడు కోసి ఎక్కిస్తున్నాం. ఊపిరి ఉందమ్మా. కళ్ళు తెరిచాడు."

గుండుసూది తడి నేల మీద చతికిలబడి బిగ్గరగా ఏడ్చింది. పెద్దాయన లోపలికి వచ్చి, ఏం చేయాలో తెలియక ఆమె తల మీద చేయి వేశాడు. గుమాస్తా కళ్ళు తుడుచుకుని ముక్కు చీదుకున్నాడు.

అప్పుడు వైర్‌లెస్‌లో ఇంకో గొంతు వచ్చింది. ఎవరో పడవ యజమాని. గుమాస్తా ఉన్నాడా అని అడిగి, రేపు తెల్లారేసరికి తనకు మామూలుకు రెట్టింపు ఐసు కావాలన్నాడు. అతను ముగించకముందే ఇంకొకరు అందుకున్నారు, తనకూ రెట్టింపేనన్నారు. తర్వాత మూడోవాడు. గుమాస్తా ఇబ్బందిగా ఆమె వైపు చూస్తూ రాసుకున్నాడు. ఆ ఐసంతా ఎక్కడికి వెళ్తోందో గదిలో ముగ్గురికీ తెలుసు. పోతే పోయిందనుకుంది ఆమె. నిజంగానే అనుకుంది. ఆ మనిషి ఊపిరి పీలుస్తుంటే సముద్రమంతా ఇమ్మన్నా ఇచ్చేసేది.

మధ్యలో తోక అందరినీ ఆపమన్నాడు. "మాట్లాడతానంటున్నాడమ్మా. గొంతు లేదు, దగ్గరగా పెడుతున్నాను."

ఆమె లేచి బల్ల పట్టుకుంది. ముందు ఊపిరి చప్పుడే వచ్చింది. తర్వాత గరగరలో ఇంకో గరగరలా అతని గొంతు.

"చెప్పేశావా?"

"చెప్పేశాను," అంది. "రెండు గుర్తులూ చెప్పేశాను. అందరూ విన్నారు. నన్ను ఏమైనా అనుకో."

"ఏమనుకుంటాను," అన్నాడు. ఒక్కో మాటకూ ఆగి ఊపిరి తీసుకుంటున్నాడు. "నువ్వు చెబుతావని తెలుసు. అందుకే వదల్లేదు తాడు. పొద్దున్నుంచీ చూస్తున్నాను, ఇప్పుడు వస్తారు, ఇప్పుడు వస్తారని. ఒక పడవ కనపడింది కూడా. ఇటే వస్తూ వస్తూ వెనక్కి తిరిగిపోయింది. అప్పుడు మాత్రం చేతులు వదిలేద్దామనిపించింది." మళ్ళీ ఆగాడు. "ఎందుకింత ఆలస్యమైందే?"

పెద్దాయన తల దించుకున్నాడు. చెట్లు పడ్డాయి, బస్సులు లేవు అని చెప్పొచ్చు. అవన్నీ నిజాలే. ఎవరూ కాదనరు. ఆమె బటన్ నొక్కింది.

"దారిలో అడిగారు," అంది. "దక్షిణం అన్నాను."

కాసేపు ఎవరూ ఐసు అడగలేదు.